సత్యమూర్తి కంప్యూటర్ల జట్టు

ఖాళీగా ఉన్న కంప్యూటరును చూస్తే సత్యమూర్తి ఓర్చుకోలేడు. బచేలి గనుల ఆఫీసులో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్నా ఈ జబ్బు తగ్గలేదు. మేనల్లుడి పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్ల వంక చూడకుండా, మూలనున్న కంప్యూటరును చూపించి, "రోజుకెన్ని గంటలు ఊరికే పడుంటుంది?" అని అడిగాడు. సంబంధం కుదరలేదు. కంప్యూటరు మాత్రం వచ్చింది.

అలా మా క్వార్టర్ల వరసలో పదకొండు కంప్యూటర్లను తీగతో కలిపాడు. పెద్ద లెక్కను ముక్కలు చేసి అన్నిటికీ పంచి, జవాబులు కూడే సాఫ్ట్‌వేరు ఎక్కించాడు. పదకొండూ కలిసి ఒకే యంత్రమట. తీగ పెరళ్ళ మీదుగా పోయేది. పక్కింటి ఎనభై ఏళ్ళ వరహాలమ్మ దాని మీద చీరలు ఆరేసేది.

"పిన్నీ, ఆ తీగలో లెక్కలు పోతున్నాయి," అన్నాడు సత్యమూర్తి.

"పోనీ బాబూ. నా చీర వాటికి అడ్డమేటి?"

జట్టుకు నిజమైన పని తెచ్చింది సోమి. చింతలనార్ అనే ఊరి పిల్ల. జగదల్‌పూర్‌లో పరిశోధన చేస్తోంది. ఏ వానకు తమ వాగు ఎంత పొంగుతుందో లెక్క కట్టాలి. ఒక్క కంప్యూటరైతే నలభై రోజులు. సోమవారానికి ఇవ్వకపోతే ఆమెకు ఏడాది వృథా. చేతిలో ఉన్నది ఐదు రోజులు.

"నాలుగు చాలు," అన్నాడు సత్యమూర్తి.

శనివారం సాయంత్రానికి పది కంప్యూటర్లు తమ వంతు ముగించి కూర్చున్నాయి. పదకొండోది వరహాలమ్మది, ఆమె పేక ఆడుకునే పాత డబ్బా. నాలుగో వంతే చేసింది. ఇంకా పన్నెండు రోజులు కావాలి.

సోమి తెర వైపు చూసింది. "అందరికీ సమానంగ పంచిన్రా ఏంది సార్?"

"వాగులో పట్టిన చేపలు మీ ఊళ్ళో అలాగే పంచుతారుగా."

"తిండి అట్ల పంచుతం. పని అట్ల పంచితే ఎట్ల సార్? ముసలామెతో మోపులు మోయిస్తమా?"

"ఆ డబ్బా తీగ పీకెయ్. అంతే," అన్నాను నేను.

"పిన్ని నాలుగు రోజులుగా పేక మానేసి దానికి విసనకర్రతో విసురుతోందిరా," అన్నాడు సత్యమూర్తి.

మిగిలిన ముక్కలను పదింటికీ పంచాడు. తీగ మాత్రం పీకలేదు. మొండివాడనుకున్నాను.

ఆదివారం పొద్దున పదీ పని ముగించాయి. జవాబు లేదు. సోమి ముఖం పాలిపోయింది.

"కూడికలు మిగిలాయి. అవి పిన్ని కంప్యూటరుకు ఇచ్చాను. వెళ్ళి తెచ్చుకో," అన్నాడు సత్యమూర్తి తాపీగా.

ఆ కూడికలు మరే కంప్యూటరైనా రెప్పపాటులో చేసేది. వరహాలమ్మది ఏడు నిమిషాలు తీసుకుంది. అంతసేపూ ఆమె విసరడం ఆపలేదు. చివరికి వాగు లెక్కంతా ఆమె తెర మీదే తేలింది. సోమి దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంటుంటే వరహాలమ్మ ఆ పిల్ల నోట్లో సున్నుండ కుక్కింది.

తర్వాత గుమ్మంలోకి వచ్చి వరసంతటికీ వినిపించేలా చెప్పింది. "పది మిషన్లు నాలుగు రోజులు తన్నుకులాడినా తేల్లేదు. మాది ఏడు నిమిషాల్లో తేల్చీసింది. ఏటి బాబూ, అంతేనా?"

సత్యమూర్తి గంభీరంగా తలూపాడు.

"మిగతావాటికి అనుభవం తక్కువ, పిన్నీ."