సమ్మెకు లేటొస్తే ఊరుకోని హెడ్మాస్టారు

మా హెడ్మాస్టారికి ఉన్న పిచ్చి ఒక్కటే, బడి గంట. అది మోగేసరికి మనిషన్నవాడు గేటు లోపల ఉండాలి. లోపలికొచ్చి ఏం చేస్తాడన్నది తరవాతి సంగతి. తనిఖీకి వచ్చిన అధికారిని కూడా గేటు దగ్గర ఆపి, ఆలస్యమెందుకైందని అడిగిన ఘనుడాయన. "మా ఆయన కోపమైనా వేళకే తెచ్చుకుంటారు" అనేవారు వాళ్లావిడ.

అలాంటి మనిషి ఏలుబడిలో మేం టీచర్లం సమ్మె చేశాం. మావన్నీ ఏడాది కాంట్రాక్టులు. సెలవులొస్తే చాలు, మళ్లీ పిలుస్తారో లేదోనని గుండెలు పీచుపీచుమనేవి. కాస్త నిలకడైన కాంట్రాక్టు ఇవ్వమంటే యాజమాన్యం పెడచెవిన పెట్టింది.

మొదటి రోజు మా సంఘం నాయకుడు డ్రిల్లు మాస్టారు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చారు. అప్పటికే గంట మోగింది. హెడ్మాస్టారు గేటు దగ్గరే కాపు కాశారు.

"ఏం మాస్టారూ, ఇదేనా రావడం?"

"ఇవాళ సమ్మె కదండీ సార్."

"తెలుసు. సమ్మెకైనా ఓ వేళాపాళా ఉండొద్దూ? నాయకుడే లేటైతే మిగతావాళ్లేం నేర్చుకుంటారు?"

డ్రిల్లు మాస్టారు గబగబా గేటు లోపలికి నడిచారు. ఈలోగా మేం బయట పేవ్‌మెంటు మీద జంపఖానా పరుస్తున్నాం. ఆయన చూపు అటు తిరిగింది.

"అక్కడేం పని? లోపల కూర్చోండి."

"బయటుంటేనే కదండీ నలుగురికీ తెలిసేది" అన్నాను.

"లోపల్నించే అరవండమ్మా. మీరు సైన్సు పాఠం చెప్తుంటే వీధి చివరికి వినపడుతుంది."

చేసేది లేక జంపఖానా చుట్టుకుని లోపలికి వెళ్లాం. ఇక రోజూ అదే తంతు. లెక్కల టీచరైతే ఆటో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ పరుగెత్తేది. గంటకు హడలిపోతూ సమ్మె చేసినవాళ్లం ప్రపంచం మొత్తమ్మీద మేమే అయ్యుంటాం. ఇంతకీ ఈయన ఎవరి పక్షమో అంతుపట్టేది కాదు. ఆ బుర్రలో ఏముందో తెలుసుకోవాలని నాకు ఒకటే కుతూహలం. ఉండబట్టలేక ఓ రోజు అడిగేశాను.

"సార్, సమ్మె మీద మీ అభిప్రాయమేమిటండీ?"

"చేస్తే వేళకు చెయ్యాలి" అని వెళ్లిపోయారు.

చివరికి పదో రోజున చర్చలకు పిలుపొచ్చింది. ఇటు నేనూ డ్రిల్లు మాస్టారూ, అటు యాజమాన్యం కార్యదర్శి, ఆయన పక్కన మా హెడ్మాస్టారు. కార్యదర్శి కాంట్రాక్టు కాయితం మా ముందుకు తోశారు.

"వరసగా వారం బడికి రాకపోతే ఉద్యోగం పోయినట్టేనని ఇందులో ఉంది. సంతకాలు మీవే. ఇంక మాట్లాడేదేముంది?"

వంగి చూస్తే నిజమే. ఆ ముక్క మాలో ఎవరం సరిగ్గా చదవలేదు.

హెడ్మాస్టారు గొంతు సవరించుకున్నారు. "రాకపోవడమేమిటండీ? అందరూ రోజూ గేటు లోపలే ఉన్నారు."

"పాఠాలు చెప్పలేదుగా?"

"చెప్పలేదు. దానికి జీతం కొయ్యండి. రాలేదని మాత్రం అనకండి. నేనుండగా గంట మోగాక ఒక్కరు బయటున్నారంటే ఊళ్లో ఎవరైనా నమ్ముతారా?"

నమ్మరని కార్యదర్శికీ తెలుసు. ఆ కాయితం మడిచి పక్కన పెట్టాక అసలు మాటలు మొదలయ్యాయి. సాయంత్రానికి మూడేళ్ల కాంట్రాక్టుకు ఒప్పుకున్నారు.

వరండాలో ఆయన వెంట పడ్డాను. "సార్, ఆ షరతు సంగతి మీకు ముందే తెలుసా?"

"తెలియకేం? నా చేతే రాయించారు."

"మరి మాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్తానమ్మా? యాజమాన్యం మనిషిని, మీకు సలహా ఇవ్వకూడదు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "లేటొస్తే తిట్టొద్దని మాత్రం నాకెవరూ చెప్పలేదు."