చివరి కొవ్వుముక్క

గ్రీన్‌లాండ్‌లోని ఆ తీరంలో ఏది కొన్నా, ఏది అమ్మినా డెన్మార్క్ రాజుగారి కొట్టులోనే. అల్లుడు వేటాడిన సీల్ జంతువుల కొవ్వును తొట్టికెత్తి, వీపుకు కట్టుకుని దెబోరా అక్కడికి వస్తుంది. తొట్టి దించి, కాఫీగింజల వాసన గుండెల నిండా పీల్చి, ఒక్కో ముక్కా తక్కెడలో వేస్తుంది. అడుగున మిగిలిన చివరి ముక్క మీద మాత్రం అరచెయ్యి ఆనించి నిలబడిపోతుంది. ఒక చలికాలం ఆ ముక్కనూ కాఫీకి అమ్మేసింది. తుఫాను పట్టుకుంది, వేట సాగలేదు, కొవ్వు లేక, ఇంటికి వెచ్చదనమిచ్చే ఒక్క దీపమూ ఆరిపోయింది. కొడుకు ఈనోకు ఆ చీకట్లోనే చలికి బిగుసుకుపోయాడు. పోయినవాళ్లు తమ పేరు పెట్టుకున్న బిడ్డలో తిరిగొస్తారు కాబట్టి, తర్వాత పుట్టిన మనవరాలికి ఈనోకు అనే పేరు పెట్టారు. దెబోరా దానికి మగపిల్లల లాగూలే కుడుతుంది. అది ఆమెను అమ్మా అనే పిలుస్తుంది.

నిన్న కొట్టు గుమాస్తా నవ్వుతూ, "అదీ వెయ్యవే అవ్వా! కోపెన్‌హేగన్ వీధిదీపాలు నీ కొవ్వు కోసమే కాచుక్కూర్చున్నాయి. ఇంకో గుప్పెడు కాఫీ పోస్తాలే" అన్నాడు.

"మీ వీధులకు చీకటంటే అంత భయమా బాబూ?" అందే గాని, ఆమె చెయ్యి ముక్కను తక్కెడ దాకా తీసుకెళ్లింది.

వెంట వచ్చిన పిల్ల ఆమె చొక్కా అంచు పట్టుకుంది. "మళ్లీ అమ్మేస్తావా, అమ్మా?"

ఆ చలికాలం సంగతి పిల్లకు ఎవరూ చెప్పలేదు. దెబోరా ముక్కను తిరిగి తొట్టిలో వేసుకుంది. ఇల్లు చేరేదాకా, వెనకే వస్తున్న ఆ చిన్న అడుగుల వైపు తిరిగి చూడలేదు.