మబేలాలో నీళ్లపాలైన పద్దెనిమిది కాగితాలు

వలస కూలీల మత్తు అలవాట్ల మీద పరిశోధన చేసే మదీహా మొదటిసారి గెలిచింది ఒమన్‌లోని మబేలాలో, ఒక దర్జీ కొట్టు వెనక గదిలో. అంతకుముందు రెండు నెలలు తిరిగినా ఒక్క కూలీ నోరు విప్పలేదు. మందు, మత్తు మాత్రలు, సూదులు, హెచ్‌ఐవి అనే మాట ఎత్తగానే ప్రతివాడికీ డ్యూటీ గుర్తొచ్చేది. చివరికి ఆమె కుర్చీలు ఎదురెదురుగా కాక పక్కపక్కన వేసింది. మొహం చూడాల్సిన పని లేకపోయేసరికి ఒకాయన ముప్పై రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పాడు. అక్కణ్ణుంచి మూడేళ్లలో నూట నలభై మంది గోడు రాసుకుంది. దేశం ఆ చివరున్న రైసూత్ ఓడరేవు దాకా పోయింది. ఈ పరిశోధనలోకి కొత్తగా వచ్చిన పదకొండు మందికి అడగడం నేర్పింది. కడప జిల్లాలో ఒంటి గది ఉర్దూ బడిలో చదివిన పిల్ల ఇంత చేసిందంటే మాటలా!

పన్నెండోవాడు జితేందర్. ముప్పై దాటినవాడు, ఇదివరకు ఒక కంపెనీ క్యాంపులో గుమాస్తా. ఒమన్‌లో ఏ కాగితం నింపినా పైన బతాకా నంబరు, అంటే నివాస కార్డు నంబరు, వెయ్యాల్సిందే కదా! ఆ అలవాటు చొప్పున ఒకే బిల్డింగులోని పద్దెనిమిది మందినీ కార్డు అడిగాడు. వాళ్లూ అలవాటు చొప్పునే తీసి చూపించారు.

శుక్రవారం మదీహా ఆ బిల్డింగుకు వచ్చినప్పుడు పెద్దులు అనే తాపీ మేస్త్రీ తన కాగితం చూపమన్నాడు. పైన నంబరు. కింద, ఇంకొకరి సూది వాడానన్న జవాబు. కంపెనీ కంట పడితే పదహారేళ్ల కొలువు ఒక్క పూటలో పోతుంది.

"గిదేంది తమ్మీ? నా నోటితోనే నన్ను ఇంటికి తోలిస్తవా?"

జితేందర్ పెన్ను తీశాడు. "నంబర్లు నల్లగ కొట్టేస్త మేడం."

మదీహా ఒక నంబరు మీద తానే గీత గీసి, కాగితాన్ని ట్యూబులైటుకు పట్టింది. "చూడబ్బా, కనపడతాండాది."

"నాలుగు నెలల పని మేడం!"

"పనిదేముందబ్బా, మళ్లీ చేస్తాం. వీళ్లకు మళ్లీ వీసా ఎవరిస్తారు?"

అల్ ఖౌద్‌లో ఉండే తన పెద్ద సారు కామేశ్వరరావుకు అక్కడే ఫోన్ చేసింది. ముందే సరిచూడని తప్పు తనదేనని, కాగితాలు తిరిగిచ్చేస్తానని చెప్పింది. ఆయన ఒప్పుకున్నాక ఎవరి కాగితం వాళ్ల చేతికిచ్చింది. కొందరు చింపారు. పెద్దులు తనది బట్టల బకెట్లో వేసి, సిమెంటు మాలు కలిపినట్టు గుజ్జుగుజ్జు చేశాడు.

"మళ్ల అడుగుతవా చెల్లె?" అన్నాడు చెయ్యి దులుపుకుంటూ.

"అడుగుతాం అన్నా. పేరుండదు, నంబరుండదు."

"గీ గుమాస్తాతోని మాత్రం వద్దు."

"జితేందరే అడుగుతాడు. ఇంక వీడు కల్లో కూడా నంబరు రాయడు. నేను పక్కన కూర్చుంటా."

పెద్దులు జితేందర్‌ను కింది నుంచి పైకి చూశాడు. "నువ్వు పక్కన కూసుంటెనే నోరు తెరుస్త చెల్లె. లేకుంటె లే."

మిగతా పదిహేడు మందీ అదే మాటన్నారు. అయితే మర్నాడే మదీహా హైదరాబాద్ వెళ్లాలి. అక్కడ ఇరవై మంది కొత్తవాళ్లు ఆమె పాఠం కోసం చూస్తున్నారు. ఈసారి మొదటి పాఠంగా ఈ తప్పే చెబుతానంది. అందాకా ఆ బిల్డింగులో ఎవరూ ఏమీ అడగకూడదని జితేందర్‌కు గట్టిగా చెప్పి బయల్దేరింది. తిరిగి వచ్చేది మూడు వారాల తర్వాత, జనవరి పద్దెనిమిది, ఆదివారం; మళ్లీ మొదటి ప్రశ్న ఆ రోజే.