క్యాసెట్ చివర మిగిలిన మాట

నేను పనిచేసే ఈ అరబ్బు ఊరి పాతబజారు, బలద్ సందులో పాత సామాన్ల దుకాణంలో మొన్న రబ్బరు మీటల చిన్న కంప్యూటరు కనబడింది. నా గదిలోనే ఉండే జగిత్యాల మేస్త్రీ నవ్వాడు.

“గిది పోరగాండ్లాడుకునే బొమ్మ గదనే కాకా!”

నాకు ఒళ్ళు మండింది. కూలివాడూ కొనుక్కోగలిగేలా ఇంగ్లండులో ఒక చిన్న కంపెనీ చేసిన యంత్రమది. ఆ కంపెనీ కొన్నేళ్ళకే పోటీదారుకు అమ్ముడుపోతే మాత్రం, ఆ యంత్రం పని బొమ్మలాట అవుతుందా? ఏడో తరగతి దాటని నేను వయసులో ఉన్నప్పుడు ప్రోగ్రాం రాయడం అలాంటిదాని మీదే నేర్చుకున్నాను. మా కూలీల క్యాంపులోని టీవీకి తగిలించి, రాసినదాన్ని టేపురికార్డరులో క్యాసెట్‌కు ఎక్కించేవాణ్ణి.

ఊళ్ళో ఉన్న నా భార్యకు చదువు రాదు. ఉత్తరానికి బదులు క్యాసెట్‌లో మాట్లాడి పంపేది. ఒక శుక్రవారం, ఇంకా వినని ఆమె క్యాసెట్‌ను ఖాళీదనుకొని, సెలవుకు ఇంకెన్ని రోజులో చెప్పే ప్రోగ్రాంను దానిమీదే ఎక్కించాను. తిప్పి వింటే ఆమె మాటలు చెరిగిపోయి, ప్రోగ్రాం కీచుమని ఒకటే కూత. కూత ఆగాక చివర ఆమె గొంతు:

“ఇంటున్నవా? ఏందయ్యా, ఉలుకు లేదు పలుకు లేదు!”

అంతా విన్నానని కబురు పంపాను. ఆమె పోయేదాకా నిజం చెప్పలేదు. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకులో ఆ కూత వినిపిస్తుంది. అది ఆగేదాకా కళ్ళు తెరవకుండా పడుకుంటాను.