మనిషి గడప దాటగానే ఊడ్వని ఇల్లు

ఈరమ్మ దేనికీ జడిసే మనిషి కాదని ఎల్‌బీ నగర్‌లో వాళ్ళ గల్లీ అంతా అనుకుంటుంది. నల్లా దగ్గర ఆమె నోటికి ఎదురు నిలిచినవాళ్ళు లేరు. కానీ ఇంట్లోంచి ఎవరైనా బయటికి వెళ్ళినప్పుడు చూడాలి ఆమెను! చీపురు ముట్టదు, ఎవర్నీ ముట్టనివ్వదు. మనిషి గడప దాటగానే ఊడ్చేది శవం లేచిన ఇంట్లోనే కదా. ఆమె నల్లగొండ వైపు ఊళ్ళో ఉన్నప్పుడు ఓసారి, మొగుడు లచ్చయ్య లారీ డ్యూటీకి అలా వెళ్ళాడో లేదో, చుట్టాలొస్తున్నారన్న తొందరలో ఇల్లు ఊడ్చేసింది. ఆ లారీ దారిలో బోల్తా పడింది. లచ్చయ్య మళ్ళీ ఇంటికి రాలేదు. చీపురుకీ లారీకీ సంబంధమేమిటని ఎవరైనా అంటే, "పోయినోడు నీ మొగుడైతే ఎరుకైతుండె" అంటుంది.

అందుకే ఆ ఇంట్లో ఊడ్వడం పొద్దున్నే, అందరూ పక్కల మీద ఉండగానే అయిపోతుంది. లేచిన దుమ్మంతా ఏడేళ్ళ మనవరాలు జ్యోతిక ఊపిరిలోకి పోతోందని డాక్టరు చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. పిల్లకు ఆయాసం. "చీపురు మానెయ్యండి. వాక్యూమ్ క్లీనర్ కొనుక్కోండి. అది కూడా పిల్ల బడికి వెళ్ళగానే పెట్టండి, వచ్చేలోపు లేచిన దుమ్ము అణిగిపోతుంది" అన్నాడాయన. ఆ చివరి మాటకు ఈరమ్మ గుండెల్లో రాయి పడింది.

ఆదివారం కోడలు అరుణజ్యోతి, పిల్ల, ఈరమ్మ కలిసి దిల్‌సుఖ్‌నగర్ బయలుదేరారు. గల్లీ మలుపులో కోడలు ఆగిపోయింది.

"అత్తమ్మా, పిల్ల పీల్చే మందు ఇంట్లనే మర్చిపోయిన. ఉరికి తెస్తా."

"బయటెల్లినంక వాపస్ పోతరానే! గిట్ల పోయి గట్ల ఒస్తం, నడువ్."

అత్త మాట కాదనలేక కోడలు షేర్ ఆటో ఎక్కింది.

షాపులో సేల్స్‌మన్ సాయికుమార్ విజయవాడ వైపు మనిషి, మాట మెత్తన. "వైరుది గట్టిగా లాగుతుందమ్మా, కానీ గదిగదికీ ప్లగ్గు మార్చుకోవాలి. ఇది చార్జింగ్‌ది, ఎక్కడికైనా పట్టుకెళ్ళచ్చు. ఫిల్టర్ మంచిది చూసుకోండి, పీల్చిన దుమ్ము మళ్ళీ గదిలోకి వదలదు" అన్నాడు. ఈరమ్మ ఒక్కొక్కటే ఎత్తి చూసింది. ఒకటి నిండు బిందెలా ఉంది. ఇంకొకటి తేలిగ్గా చేతికి అమిరింది. ఆమె బెంగ మాత్రం బరువు గురించి కాదు.

"గిది చీపురు లెక్కనా, కాదా?" అంది గొంతు తగ్గించి.

సాయికుమార్ తెల్లమొహం వేశాడు. "మెషీన్ కదమ్మా."

"అంటే మనిషి అట్ల పోంగనే పెట్టొచ్చంటవా? ఏం గాదు గదా?"

"ఎప్పుడైనా పెట్టుకోవచ్చండీ. ఎంత లాగుతుందో ఇదిగో చూడండి" అంటూ అతను దుమ్ము డబ్బా మూత తీశాడు. పొద్దున్నుంచీ పీల్చి చూపించిందంతా అందులోనే ఉంది. గుప్పుమని లేచింది.

జ్యోతిక దగ్గింది. మళ్ళీ దగ్గబోయింది, చేతకాలేదు. మెడ కింద గుంట పడుతోంది. ఛాతీలోంచి పిల్లికూతలు. పెదాలు రంగు మారుతున్నాయి.

"మందుందా అమ్మా?" అని అరిచాడు సాయికుమార్. అరుణజ్యోతి అత్త వైపు చూసింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. మందు పేరు అడిగి తెలుసుకుని అతను పక్కనున్న మందుల షాపుకు పరుగెత్తాడు. ఈరమ్మ పిల్లను ఒళ్ళో కూచోబెట్టుకుంది. ఆ చిన్న వీపు తన చేతికింద ఎగిరెగిరి పడుతోంది. "వాపస్ పోనియ్యకపోతిని! లచ్చయ్యా, కావాల్నంటే నన్ను తీస్కపో, పిల్ల జోలికి రాకు" అని పైకే ఏడ్చింది. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకపోయింది.

మందు వచ్చింది. పీల్చగా పీల్చగా పిల్లకు ఊపిరి అందింది. తేలికైన మెషీనే కొన్నారు. డబ్బా మాత్రం వాకిట్లోనే, పిల్ల లేనప్పుడే ఖాళీ చెయ్యాలని సాయికుమార్ చెంపలేసుకుంటూ చెప్పాడు.

సోమవారం ఈరమ్మ పిల్ల బ్యాగులో మందు ఉందో లేదో తనే చూసింది. స్కూలు ఆటో ఎక్కడానికి తల్లి చెయ్యి పట్టుకుని జ్యోతిక గడప దాటింది. ఈరమ్మ తలుపేసి మెషీన్ చేతిలోకి తీసుకుంది. మెషీనో చీపురో, దేవుడికి తెలియదా? వేలు బటన్ మీద ఉంది, కదలదు. గోడ మీద ఫొటోలోంచి లచ్చయ్య చూస్తున్నాడు. నిన్నటి పిల్లికూతలు మళ్ళీ చెవిలో పడ్డాయి. కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కేసింది.

ఆ రోజంతా గల్లీలో ఏ బండి ఆగినా గుమ్మంలోకి ఉరికింది. ఫోను మోగితే ఎత్తడానికి భయపడి కోడలి చేతికిచ్చింది. సాయంత్రం స్కూలు ఆటో చప్పుడు విని కూడా గుమ్మం వైపే చూస్తూ కూర్చుండిపోయింది.

"నానమ్మా, ఆకలైతుంది!" అంటూ జ్యోతిక లోపలికి వచ్చింది.

ఈరమ్మ పిల్లను దగ్గరికి లాక్కుని ఛాతీకి చెవి ఆనించింది. పిల్లికూతలు లేవు. "ఒచ్చినవా బిడ్డా" అంది.