లాగవుట్ అయినా దిగిపోని ఏజెంట్లు

ఈ రోజు ఆఫీసు లైనక్స్ సర్వర్‌లో చూస్తే, నలభై ఒక్క ఎస్సెస్‌హెచ్ ఏజెంట్లు, అంటే తాళంచెవులు మోసే చిన్న ప్రోగ్రాములు, మిగతా సర్వర్ల తాళాలు పట్టుకుని కూర్చున్నాయి. ఎవరో మహానుభావుడు లాగిన్ అయిన ప్రతిసారీ కొత్తదాన్ని లేపి, లాగవుట్ అయ్యేటప్పుడు ఆపకుండా వెళ్లిపోయాడు. వెంటనే ఆఫీసు గ్రూపులో అందరికీ క్లాసు పీకాను. తర్వాత యూజర్ పేరు చూశాను. నాదే.

సాయంత్రం గోదావరిఖనిలో ఇంటికొచ్చి, గనిలోకి దిగేవాళ్లకు లైట్లిచ్చే ల్యాంప్ రూంలో పనిచేసి రిటైరైన మా బాపుకి చెప్పాను.

"మా కాడ ఒక్క లైటు వాపస్ రాకున్నా, మనిషి లోపల్నే ఉన్నడని దేవులాడుతుంటిమి."

"దీంట్ల మనుషులెవ్వరు లేరు బాపూ."

"మరి తాళాలు ఎవల చేతిల ఉన్నయిరా?"

లాగవుట్ కాగానే ఏజెంటును చంపే కమాండ్ పెట్టేశాను. గ్రూపులో నా క్లాసును మాత్రం మేనేజరు "చాలా బాగా చెప్పావు" అని మెచ్చుకున్నాడు. ఆ క్లాసును చంపే కమాండ్ మీకెవరికైనా తెలుసా?