సరంగు తప్పు

నిన్న బందరులో పళ్ళ డాక్టరుగారి కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుంటే, ఎదురుగా టీవీలో పగడపు దిబ్బలు చూపిస్తున్నారు. ఎరుపు, పసుపు కొమ్మల మధ్య చేపలు పెళ్ళివారిలా తిరుగుతున్నాయి. "ఎంత బాగున్నాయో చూశారా అండీ?" అన్నాడు డాక్టరు. ఆయన చెయ్యి నా నోట్లో ఉంది కాబట్టి జవాబు చెప్పే బాధ తప్పింది.

మా దివిసీమ సముద్రం అడుగున ఆ రంగులు లేవు. ఉన్నదంతా కృష్ణ తెచ్చిపోసిన బురద. కొన్నేళ్ళ కిందట ఒక హిందూ సేవా సమితివారు వేట తగ్గిపోయిన మత్స్యకారుల కోసం, బెజ్జాలున్న సిమెంటు దిమ్మలు సముద్రంలో దింపుదామనుకున్నారు. అడుగున గట్టి నేల ఉన్నచోట దింపితే వాటికి నాచు పట్టి, చేపలు చేరతాయి. పగడపు దిబ్బకు పేదింటి చుట్టమన్నమాట. నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. మాకు అప్పటికి సెంటు భూమి లేదు, ఇంటిపేరు మాత్రం మిగిలింది. ఆ పేరు కోసమే నేను కండువా ఇస్త్రీ చేయించుకుని పడవెక్కాను.

పడవ నడిపే సరంగు మా నాన్నగారి కాలం మనిషి. ఒడ్డున లైట్‌హౌసు, తాటిచెట్ల గుంపు ఎక్కడ ఒకదాని వెనక ఒకటి వస్తాయో చూసి, అడుగున ఏముందో చెప్పగలడు. గంటసేపు పోయేసరికి పడవ ఊగుడు నాకు పడలేదు. పడవలో ఒకడు కనిపెట్టి, "అయ్యగారికి నిమ్మకాయ ఇయ్యండ్రా, మొకం అదే రంగులో ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నిమ్మకాయ తీసుకోలేదు. నడుం నిటారుగా పెట్టి, "ముహూర్తం దాటిపోతోంది, ఇక్కడే దింపండి" అన్నాను.

"ఇక్కడంతా బురదండీ," అన్నాడు సరంగు. "ఆ తాటిచెట్లు లైట్‌హౌసు ఎనకాల దాక్కోవాలి. ఇంకొక్క అరగంట ఓపిక పట్టండి."

"చెప్పింది చెయ్యి."

ముహూర్తానికి ఇంకా గంటన్నర ఉందని నాకు తెలుసు. దిమ్మలు దింపారు. సగం బురదలో కూరుకుపోయాయి, సగం బురద పైకి పొడుచుకుని నిలిచాయి. చేపలు చేరలేదు. చిన్న పడవలు వలలు లాగే దారి అది. నెల తిరక్కుండా నాలుగు వలలు చిరిగాయి.

రామమందిరంలో సమావేశం పెట్టారు. ఒకావిడ చిరిగిన వల తెచ్చి నా కుర్చీ ముందు పడేసింది. "ఇక్కడ దింపమన్న మారాజు ఎవరో లేచి చెప్పండి. మా ఇంట్లో పొయ్యి మీదకి ఆయన్నే ఎక్కిస్తా" అంది. నేను లేవలేదు. వెనక నుంచి సరంగు లేచాడు.

"నేనేనమ్మా. గుర్తు సరిగ్గా చూసుకోలేదు."

పడవలో ఉన్నవాళ్ళు నావైపు చూసి తల దించుకున్నారు. బయటికొచ్చాక, అలా ఎందుకన్నావని సరంగును అడిగాను.

"తమరు నేలచూపులు చూస్తున్నారు. ఎవరో ఒకరు చెప్పాలి గదండీ" అని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

రెండో విడత దిమ్మలు గట్టి నేల మీదే దింపారు. పడవ నడపడానికి మాత్రం వేరే సరంగును పిలిచారు. పాత సరంగు మళ్ళీ ఎవరి పడవకీ చుక్కాని పట్టలేదు. ఇప్పుడు లేడు. మా తాతగారి పేరున్న వీధికి పేరు మారింది, మా చెరువుకీ మారింది. సముద్రంలో ఆ చోటును మాత్రం, అతని ముఖం కూడా ఎరగని కుర్రాళ్ళు 'సరంగు తప్పు' అని పిలుస్తూ పడవలు పక్కకి తిప్పుకుంటున్నారు. కాలం అన్నిటినీ చెరిపేస్తుందని నిబ్బరంగా కూర్చున్నాను. అది నావన్నీ చెరిపి, నేను చెప్పని అబద్ధాన్ని పదిలంగా దాచింది.